బెదురు చీరలు

మా వైపు వేరుశనగ చేలకు చీరలు కడతారు. చేను చుట్టూ కట్టెలు పాతి, కట్టెకూ కట్టెకూ మధ్య పాత చీరలను తెరల్లాగా లాగి కడతారు. ఎర్రవి, పచ్చవి, పూలవి, చుక్కలవి. రాయదుర్గం నుంచి గుమ్మఘట్టకు పోయే బస్సులో కిటికీ పక్కన కూచుంటే, ఆ ఊళ్ళ ఆడవాళ్ళు పదేళ్ళుగా చేసుకున్న పెళ్ళిళ్ళూ పండగలూ అన్నీ గాలికి ఊగుతూ కనిపిస్తాయి. అడవిపందులూ జింకలూ వాటిని చూసి, ఎవరో మనుషులు నిలబడి ఉన్నారనుకుని వెనక్కి మళ్ళుతాయి. వేరే కంచె వేసుకునే స్తోమత లేని రైతుకు ఆ చీరే కంచె, ఆ చీరే కాపలా.

అటువంటి ఒక చేనుకు నేను చీర విప్పాను. ఈ వాక్యం చదవడానికి బాగాలేదని నాకు తెలుసు. చేసిన పని అంతకంటే బాగాలేదు.

నేను రాయదుర్గం బస్టాండుకు దగ్గర్లో ఫోటో స్టూడియో నడుపుతాను. పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. ఇంటినిండా పట్టు ఉన్నా నాకు మాత్రం మగ్గం మీద పట్టు చిక్కలేదు. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, నేను పైన వాసాల సందుల్లో గూడు పెట్టిన పిచ్చుకలను చూస్తూ కండెలు చుట్టడం మరిచిపోయేవాణ్ణి. "వీనికి పిచ్చుకల పిచ్చి పట్టినాది" అనేవాడు నాయన. పెద్దయితే తగ్గుతుందని ఆయన నమ్మకం. పెద్దయ్యేసరికి పిచ్చుకలు తగ్గాయి, పిచ్చి పెరిగింది.

పెళ్ళయ్యాక అత్తగారి ఊరికి వచ్చి స్టూడియో పెట్టాను. వారమంతా నా పని బట్టలకు ఫోటోలు తీయడం. ఇక్కడి కుట్టు యూనిట్ల వాళ్ళు జీన్సు ప్యాంట్లు తెస్తారు, ధర్మవరం చుట్టాలు చీరలు పంపిస్తారు. ప్యాంటు ఉంటుంది, అందులో మనిషి ఉండడు. చీర ఉంటుంది, అందులోనూ ఎవరూ ఉండరు. ఆరు రోజులు ఇట్లా ఖాళీ బట్టలతో కాపురం చేసి, ఒక ఆదివారం పొద్దున, "ఈ ఒక్క రోజైనా బట్టలు కట్టని వాళ్ళ ఫోటోలు తీసుకుంటా" అని బైకు తాళం అందుకున్నాను. నా భార్య చూసిన చూపుకు, జింకల గురించి చాలా తొందరగా చెప్పుకోవాల్సి వచ్చింది.

గుమ్మఘట్ట దాటాక, తెలుగూ కన్నడమూ ఒకే మాటలో కలిసి బయటికొచ్చే ఒక పల్లె ఉంది. ఆ పల్లె బయట బోడిగుట్ట. గుట్ట కింద ఒక రైతు చేను. గుట్టకూ చేనుకూ మధ్య బీడు మీద పదకొండు జింకలు తిరిగేవి. పది లేత గోధుమరంగువి, ఒకటి నల్లది. మెలితిరిగిన కొమ్ములు, బొగ్గులాంటి వీపు, సున్నం కొట్టినట్టు తెల్లటి పొట్ట, కళ్ళ చుట్టూ తెల్లటి వలయాలు. మన కెమెరాలు రంగుల్లోకి మారి ఎన్నో ఏళ్ళయినా అది మాత్రం ఇంకా బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉండిపోయింది.

జింకకు మనిషి అలికిడి తగిలితే చాలు, ఒక్క దూకుతో కనుమరుగవుతుంది. దాన్ని దగ్గర నుంచి తీయాలంటే ఒకటే పద్ధతి. ప్రతి వారమూ అదే చోట, అదే చొక్కాతో, కదలకుండా కూచోవాలి. మొదటి ఏడు అవి చీమలంత కనపడే దూరంలో ఉండేవి. రెండో ఏడు మేకలంత అయ్యాయి. మూడో ఏడు నేను తుమ్మినా తల ఎత్తలేదు. నన్ను పట్టించుకోకుండా ఉండేందుకు జింకలకు మూడేళ్ళు పట్టింది. మిగతా లోకం మొదటి రోజునే నేర్చుకుంది.

ఆ చేను రైతు నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. మొదటిసారి నన్ను చూసి గట్టు మీద ఆగాడు.

"ఏమన్నా, యాన్నుంచి వచ్చినావు?"

"రాయదుర్గం."

"ఆడ జింకలు లేవా?"

"లేవప్పా. ఆడ ప్యాంట్లుండాయి."

నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆదివారమైతే నాకు ఒక చెంబు మజ్జిగ వచ్చేది. మజ్జిగతో పాటు వాళ్ళ ఇంటావిడ మాట కూడా వచ్చేది. మజ్జిగ చల్లగానే ఉండేది.

"మా సేన్లో పడి తినే వాటికి వంద ఫోటోలు తీస్తాడు" అనేది మొగుడితో, నాకు వినపడేట్టు. "పండించేటోళ్ళం ఈడనే ఉండాము. మాకు ఒగటన్నా తీసినాడా సూడు."

"తీస్తామ్మా, తప్పకుండా తీస్తా" అనేవాణ్ణి. నా కళ్ళు మాత్రం గుట్ట దిక్కే ఉండేవి.

మా జిల్లాలో వాన పడటం కంటే, వాన పడుతుందన్న వార్త పడటమే ఎక్కువ. ఆ మూడో ఏడు వార్తలు బాగానే పడ్డాయి. విత్తనం మొలిచే వరకు రెండు వానలు వచ్చి, తర్వాత మానుకున్నాయి. బీడు మీద గడ్డి కాలిన కాగితంలా అయింది. కనుచూపుమేరలో పచ్చగా ఉన్నది చీరల లోపలున్న చేను ఒక్కటే. సాయంత్రమైతే జింకల మంద చేనుకు పడమటి పక్కగా నడిచి గుట్ట ఎక్కేది. వెనకనుంచి పొద్దు. నల్లదాని ఒంటి చుట్టూ వెలుతురు అంచు కట్టినట్టుండేది. అంతా ఉంది గానీ ఫ్రేములో ఎటు తిప్పినా ఒక గులాబీరంగు నైలాన్ చీర, దాని కొమ్ముకు చిక్కుకున్నట్టు పడేది. వారమంతా చీరలే, ఆదివారమూ చీరలేనా అని ప్రాణం ఉసూరుమంది.

"అప్పా, ఆ పడమటి పక్క నాలుగు చీరలు విప్పుకుంటా. పొద్దు మునిగినాక మళ్ళీ కట్టేసి పోతా."

"ఇప్పుకో అన్నా. ఒగ పొద్దే గదా."

"కట్టేటప్పుడు గట్టిగా కట్టన్నా" అంది ఇంటావిడ. "నీ సేతులు సూస్తే పూలు కట్టే సేతుల్లా ఉండాయి."

ఒక పొద్దు కాస్తా ఆరు ఆదివారాలయింది. విప్పిన చీరలను ఊరికే పడేయడమెందుకని, వాటితోనే గట్టు మీద చిన్న గుడారం లాగా చేసుకుని లోపల కూచునేవాణ్ణి. చీకటి పడే ముందు మళ్ళీ కట్టెలకు కట్టేవాణ్ణి. ఆవిడ మాట గుచ్చుకుంది కాబట్టి ముడి మీద ముడి వేసేవాణ్ణి. ఐదో ఆదివారం నల్లది మందను వదిలి, నా గుడారం దగ్గరికే వచ్చింది. ఎంత దగ్గరికంటే నా పొడుగు లెన్సు దాన్ని పట్టలేకపోయింది. అది గులాబీ చీరను వాసన చూసింది. మూతితో ఒకసారి పొడిచింది. చీర ఊగి, మళ్ళీ మామూలుగా నిలిచింది. జింక కూడా మామూలుగా తల తిప్పుకుని పోయింది. సంతోషంలో ఫోటో రాలేదన్న సంగతే మరిచిపోయాను. అక్కడ ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. దానికి అర్థమైంది.

ఆరో ఆదివారం నాకు కావలసిన ఫోటో దొరికింది. బంగారు దుమ్ములో నల్లజింక, వెనక గుట్ట, ఇంకేమీ లేదు. ఒక పోటీకి పంపితే బహుమతి వచ్చింది. ఇచ్చిన పెద్దమనిషి, మనిషి జాడే లేని ప్రకృతి అని మెచ్చుకున్నాడు. జాడ విప్పి పక్కన పెట్టానని నేను చెప్పలేదు.

ఆ ఫోటో తీసిన కొద్ది రోజులకే ఒక బుధవారం పొద్దున రైతు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు కట్టిన సీరలు ఊడినాయేమో. జింకలు సేన్లో పడినాయి."

అప్పుడు వేరుశనగకు ఊడలు దిగి కాయ కడుతున్న సమయం. స్టూడియో మూసి పోయాను. చీరలు ఊడలేదు. నేను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. నా జీవితంలో అంత గట్టిగా నేను చేసిన పని ఇంకొకటి లేదు. చీరల కింద మాత్రం ఎర్రమట్టిలో గిట్టల గుర్తులు, వరసగా, తొందర లేకుండా. కిందికి వంగి, కొంగు ఎత్తుకుని ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాయి. పడమటి పక్క పావు చేను మొండి కాడలే మిగిలింది.

రైతు చీరను చేత్తో పట్టుకుని చూశాడు. "కట్టినట్టే ఉండాది గదన్నా?"

"ఉండాది."

"మరి యాల బెదరలేదు?"

నేను గట్టు దిక్కు చూశాను. గుడారం వేసిన చోట గడ్డి నలిగి ఉంది. దాని చుట్టూ కూడా అవే గిట్టల గుర్తులు. నా చూపు వెంట ఆయన ఇంటావిడ చూపు కూడా పోయింది. ఆమెకు నాకంటే ముందే తెలిసిపోయింది.

"ఈడ కూసోబెట్టి వాటికి ఇస్కూలు పెట్టినావాన్నా?"

పోగులు లెక్కపెట్టే ఇంట్లో పుట్టి కూడా, ఆ చీరలను నిలబెట్టింది పోగులు కాదని నాకు తెలియలేదు. వాటిలో ఉన్నదంతా బెదురే. ఎన్నో ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల రైతులంతా కలిసి జింకల మనసులో దాచుకున్న బెదురు. దాన్ని ఆరు ఆదివారాల్లో నేను ఖర్చు పెట్టేశాను. దూరాన్ని దగ్గర చేసే లెన్సు ఉంది గానీ, దూరం ఆలోచించే బుర్ర నాకు లేదు.

ఆ పంట అట్లానే పోయింది. ఇంటి నుంచి ఇంకో మూట చీరలు తెచ్చి కట్టాను. రైతు ఖాళీ డబ్బాలు వేలాడగట్టాడు, టపాకాయలు కాల్చాడు. జింకలు రెండు రోజులు దూరంగా ఉండి మూడో రోజు వచ్చాయి. నెల తిరిగేసరికి పక్క చేల చీరల కింద నుంచి కూడా నడవడం మొదలుపెట్టాయి. చదువు అబ్బితే ఒక్క చోట ఆగదు కదా.

మరుసటి ఏడు పైరు మొలిచాక సిగ్గు చంపుకుని మళ్ళీ పోయాను. చీరలు పాతవే. వాటి కింద, నేల నుంచి జానెడు ఎత్తులో, సన్నని ఇనుప తీగ. చేను చుట్టూ తిరిగి బోరు మోటారు కరెంటు పెట్టె దాకా పోయింది.

"ఇదేందప్పా?"

"పందులకన్నా."

"జింకలు కూడా ఈడనే గదా తిరిగేది?"

"వాటికి సదువొచ్చు గదా. సీర ఏమీ సేయదని నేర్పినావు. తీగ సేస్తాదని కూడా నేర్పి పో."

కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు. అది ఇంకా కష్టం.

నేను బతిమాలాను. సోలార్ కంచె అని ఒకటుంది, ముట్టుకుంటే జివ్వుమంటుంది గానీ ప్రాణం పోదు, సబ్సిడీకి అర్జీ పెట్టుకోవచ్చు, అంతా నేనే చూసుకుంటానన్నాను. "నీ ఇష్టం అన్నా, పెట్టు. అదొచ్చేదాకా ఇది ఉంటాది" అన్నాడు. మరుసటి ఆదివారం అర్జీ కాగితం పట్టుకుని పోయాను. పాస్‌బుక్కు జిరాక్సు ఇచ్చాడు, వేలిముద్ర వేశాడు. కాగితం పైమూల చిన్న చదరం ఖాళీగా ఉంది. రైతు పాస్‌పోర్టు సైజు ఫోటో అంటించాలి.

నాలుగేళ్ళుగా ఆ చేను గట్టు మీద కూచుని వేల ఫోటోలు తీశాను. ఆ మనిషిది ఒక్కటీ లేదు. అప్పుడు తీద్దామంటే మెడలో ఉన్నది పొడుగు లెన్సు. పాస్‌పోర్టు ఫోటోకు అది పనికిరాదు. జేబులో ఫోనుంది. దాంతో తీసి ఉంటే పని ఒక్క నిమిషం. కానీ పాతికేళ్ళుగా స్టూడియో నడుపుతున్నవాడు ఫోనుతో పాస్‌పోర్టు ఫోటో తీస్తాడా? నీలం తెర ఉండాలి, రెండు వైపులా లైటు ఉండాలి, చొక్కా కాలరు సరిచేయాలి. "వచ్చే ఆదివారం వేరే లెన్సు, తెర తెస్తా. మంచిగా తీస్తా" అన్నాను.

"దానికి మంచీ చెడ్డా ఏముండాదన్నా, మొగమే గదా" అన్నాడు రైతు.

"వద్దులేప్పా. నా చేతి మీద పోయే ఫోటో."

ఆ వచ్చే ఆదివారం ఒక యూనిట్ వాళ్ళు అర్జంటుగా ప్యాంట్లు తెచ్చారు. పోలేకపోయాను. అర్జీ కాగితం నా కెమెరా సంచిలోనే, ఖాళీ చదరంతో ఉండిపోయింది.

ఆ శుక్రవారం పొద్దున్నే ఫోన్. "అన్నా, రా" అన్నాడు. అంతే.

పోయేసరికి రైతు గట్టు మీద తల పట్టుకుని కూచున్నాడు. ఇంటావిడ చేతిలో పార. తీగ పక్కన నల్లజింక పక్కకు పడి ఉంది. ముందరి కాళ్ళు చేన్లో, వెనక కాళ్ళు బీడులో. గులాబీ చీర కొంగు దాని మెడ మీద పడి గాలికి లేస్తోంది. దూరంగా గుట్ట మొదట్లో మిగతా పదీ నిలబడి ఇటే చూస్తున్నాయి.

"పందులకే పెట్టినానన్నా, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు. "నన్ను జైల్లో యేస్తారా?"

చట్టం ఏం చెబుతుందో నాకు తెలుసు. నల్లజింకను చంపితే జైలే. ఫిర్యాదు చేయాల్సిన మొదటి మనిషిని నేనే. చేస్తే నా ఫోటో కోసం ఈ మనిషి జైలుకు పోతాడు. చేయకపోతే ఇన్నేళ్ళూ జింకలు జింకలని నేను వేసిన వేషమంతా ఈ గట్టు మీద అబద్ధమవుతుంది.

"ఇప్పుడు తీసుకో ఫోటో" అంది ఇంటావిడ నా సంచి వైపు చూసి. "ఇప్పుడు కదలదు."

సంచిని బైకు మీదే వదిలేసి ఆమె చేతిలోంచి పార తీసుకున్నాను. కరువు నేల తెలుసు కదా, పైన జానెడు మట్టి, కింద అంతా రాయి లాంటి సుద్ద. రైతు గడ్డపారతో పొడిచాడు, నేను ఎత్తి పోశాను. మోకాళ్ళ లోతు తవ్వేసరికి నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఇద్దరం కాళ్ళు పట్టి దించాము. నాలుగేళ్ళు అంత దగ్గరగా చూశానని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. అంత బరువు ఉంటుందని అనుకోలేదు. ఇంటావిడ గులాబీ చీర ముడులు విప్పడానికి చూసింది. రాలేదు. చివరికి కొడవలితో కోసి, తెచ్చి దాని మీద కప్పింది. "మట్టి నేరుగా మొగం మీద ఎట్ల పోస్తారు" అని గొణిగింది. మేం పోశాము.

రైతు ఆ పొద్దే తీగ పీకేసి చుట్టచుట్టి ఊరి బయటి పాడుబావిలో పడేశాడు. ఇంటికొచ్చాక నా భార్య చేతులు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. వేపాకు నూరి రాసింది. "ఇంకెవరికీ చెప్పొద్దు" అంది తర్వాత. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఊరి పేరూ మనిషి పేరూ రాయకుండా ఉండటమే ఆ మాటకు నేనిచ్చిన విలువ.

ఒక్క చేను తీగ తీసినంత మాత్రాన అయిపోలేదు. గుట్ట చుట్టూ ఉన్న అన్ని చేలల్లోనూ చీరలకు విలువ పోయింది. ఆ రైతులంతా తీగ మాటే మాట్లాడుకుంటున్నారు. ఇద్దరు పెట్టేశారు కూడా. వాళ్ళను తప్పు పట్టే మొహం నాకు లేదు. అర్జీ పంపాను, ఫోటో అంటించి. ఫోనుతోనే తీశాను, బాగానే వచ్చింది. కంచె ఎప్పటికొస్తుందో తెలియదు. ఈలోగా ఆ పది జింకలు బతకాలంటే ఒకటే దారి. వాటికి మనుషులంటే మళ్ళీ భయం పుట్టాలి.

అందుకని ఇప్పుడు ఆదివారాలు కెమెరా లేకుండా పోతున్నాను. చేతిలో ఒక రేకు డబ్బా, కట్టె. యాభై దాటిన మనిషి, పొట్ట ముందు పరుగెత్తుతుంటే వెనక తాను పరుగెత్తుతూ, డబ్బా వాయించుకుంటూ, బీడు మీద కేకలు పెట్టుకుంటూ పోతుంటాడు. మొదటిసారి చూసినప్పుడు రైతు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. జింకలు నాలుగు దూకులు దూకి ఆగుతాయి. వెనక్కి తిరిగి చూస్తాయి. నేను ఆయాసంతో నిలబడగానే, తల వంచి మేత మొదలుపెడతాయి. చొక్కా మార్చాను. ముఖానికి గుడ్డ కట్టాను. నడక మార్చడానికి కూడా ప్రయత్నించాను. ఏం చేసినా వాటికి నేను, ఏమీ చేయని ఆ మనిషినే.

పోయిన ఆదివారం రాయి విసిరాను. జన్మలో ఏ జంతువు మీదా విసరలేదు. గురి లేని చేయి, తగలదనుకున్నాను. ఒక ఆడజింక తుంటికి తగిలింది. అది గాల్లోకి లేచి, కుంటుకుంటూ గుట్ట పైకి పోయింది. రెండు మూడు దాని వెంట పోయాయి. మిగిలినవి తలెత్తి, చెవులు నిక్కబెట్టి, నా వైపు చూశాయి. అన్నీ పోతాయేమోనని చూశాను. పోలేదు.

రైతు గట్టు మీద నుంచి కేకేశాడు, "సాలన్నా, ఇంటికి పో."

నేను వంగి ఇంకో రాయి వెతుక్కున్నాను.